తొడుగు చెడిన నాడులు: మల్టిపుల్ స్క్లీరోసిస్

ఇంటిలో విద్యుద్దీపానికి పోయే తీగ చుట్టూ ఒక తొడుగు ఉండడం మనమందరం ఎరిగినదే. ఆ తొడుగు చెడితే తీగ తెగకపోయినా దీపం సరిగా వెలగదు. మెదడులోను, వెన్నుపాములోను ఉన్న నాడీతంతువులకు కూడా మైలిన్ అనే తొడుగు ఒకటి ఉన్నది. దేహాన్ని రోగాలనుండి కాపాడవలసిన రక్షకకణాలే పొరపడి ఈ మైలిన్ మీద దాడి చేయగా కలిగే వ్యాధి మల్టిపుల్ స్క్లీరోసిస్. అనేక స్థలాలలో గట్టిపడుట అని ఆ పేరుకు అర్థం. 1868లో పారిస్ నగరపు సాల్‌పెత్రియేర్ ఆసుపత్రి వైద్యుడు షార్కో దీనిని ప్రత్యేక వ్యాధిగా నిరూపించి వర్ణించినాడు.

మచ్చ ఎచ్చట ఏర్పడునో దానినిబట్టి లక్షణం ఉంటుంది. కంటినాడిలో ఏర్పడితే చూపు మసకబారుతుంది, కన్ను కదిపితే నొప్పి కలుగుతుంది. వెన్నుపాములో ఐతే కాళ్లు తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం, మూత్రం ఆగకపోవడం కనిపిస్తాయి. సాధారణంగా 20, 40 ఏండ్ల మధ్య ఇది ప్రారంభమవుతుంది. పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు అధికం. చలిదేశాలలో కంటె మన దేశంలో తక్కువే కాని, లేకపోలేదు. రోగులలో నూటికి సుమారు 85 మందికి మొదట లక్షణాలు వచ్చి, కొన్ని వారాలకు తగ్గి, కొంతకాలానికి తిరిగి వస్తాయి. తగ్గినది కదా అని ఊరకుండడమే ఇందులోని ప్రమాదం. పైకి నెమ్మదిగా ఉన్న కాలంలో సైతం లోపల హాని జరుగుతూ ఉండవచ్చును.

ఎప్‌స్టయిన్-బార్ అనే సామాన్యమైన వైరస్‌కు ఈ వ్యాధితో గట్టి సంబంధమున్నదని 2022లో అమెరికా సైనికుల రక్తపరీక్షలనుబట్టి శాస్త్రజ్ఞులు తేల్చినారు. ఐతే ఆ వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఈ వ్యాధి రాదు. ఇది ఒకరినుండి మరొకరికి అంటుకొనే జాడ్యం కాదు.

ఇక చికిత్స మాట. వ్యాధి విజృంభించినప్పుడు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందును మూడునుండి ఐదు రోజులు నరం ద్వారా ఎక్కిస్తారు. దీనివలన కోలుకొనడం త్వరపడుతుందే కాని, తరువాతి దాడి ఆగదు. దాడులను తగ్గించే మందులు వేరు. వాటిలో మొదటిదైన ఇంటర్‌ఫెరాన్ బీటాకు అమెరికాలో 1993లో అనుమతి లభించినది. 2010లో నోటితో మ్రింగే ఫింగోలిమోడ్, 2017లో ఆక్రెలిజుమాబ్ వచ్చినవి. మొదటినుండి క్రమక్రమంగా ముదిరే రకానికి సైతం పనిచేయునని అనుమతి పొందిన తొలి మందు ఈ చివరిది.

ఈ మార్పు ఎంతటిదో ఒక కళాకారిణి జీవితంవలన తెలుస్తుంది. ఆంగ్లదేశపు చెల్లో విదుషీమణి జాక్వెలిన్ డు ప్రే 1965లో, ఇరువదవ ఏట, ఎల్గార్ రచనను వాయించి రికార్డుచేసి జగత్ప్రసిద్ధి పొందినది. కొన్నేండ్లకు వ్రేళ్లలో స్పర్శ తగ్గినది. 1973లో కచ్చేరీలు ఆగిపోయినవి, ఆ ఏడే వ్యాధి పేరు తెలిసినది. 1987లో 42వ ఏట ఆమె మరణించినది. మొదటి నిరోధకౌషధం వచ్చినది ఆ తరువాత ఆరేండ్లకు. వ్యాధిని నిర్మూలించే మందు నేటికీ లేదు. కాని త్వరగా గుర్తించి, మందు మానక వాడినవారికి ఆనాటి గతి అనివార్యం కాదు.

మన ప్రాంతపు రోగులు ప్రత్యేకంగా తెలుసుకొనవలసినది ఎండను గురించి. దేహం వేడెక్కితే తొడుగు చెడిన నాడులు మరింత మందగిస్తాయి. 1890లో జర్మన్ వైద్యుడు ఊట్‌హాఫ్ దీనిని గమనించినాడు. వేసవి మధ్యాహ్నం చూపు మసకబారి, దేహం చల్లబడగానే తేటపడితే అది క్రొత్త దాడి కాదు. ఇంటిపనులు ప్రొద్దుటి చల్లని వేళకు మార్చుకొనుట, తడిగుడ్డ, చన్నీటి స్నానం మేలుచేస్తాయి. ఐతే క్రొత్త లక్షణం ఒక రోజుకు మించి నిలిచినా, జ్వరం వచ్చినా వైద్యునికి చూపవలెను. పొగత్రాగడం వ్యాధిని ముదిరిస్తుంది. శక్తికి తగిన వ్యాయామం హాని చేయదు, బలమిస్తుంది.

గర్భధారణకు ఈ వ్యాధి అడ్డు కాదు. గర్భవతిగా ఉన్నప్పుడు దాడులు తగ్గి, ప్రసవమైన తరువాతి నెలలలో పెరుగుతాయి. కావున మందుల విషయం వైద్యునితో ముందుగానే ఆలోచించుకొనవలెను. వికలాంగుల హక్కులకై 2016లో వచ్చిన భారత చట్టం ఈ వ్యాధిని తన జాబితాలో చేర్చినది. నిర్ణీతమైన వైకల్యమున్నవారు ధ్రువపత్రం పొందవచ్చును.

చివరగా ఇంటివారికి ఒక మాట. ఈ రోగులలో చాలమందిని వేధించేది పైకి కనిపించని అలసట. నిద్రపోయి లేచినా అది తీరదు. నిన్న బిందె మోసిన కోడలు ఈనాడు చెంబు ఎత్తలేకపోతే, అది సోమరితనమని ఎంచరాదు. ఆమె చేయగల పనిని ఆమెను చేయనిచ్చి, చేయలేని వేళ విశ్రాంతి తీసుకొనమని అడుగకముందే చెప్పగలిగిన ఇల్లు, వైద్యుని మందుకు తోడైన మందు వంటిది.