అచ్చులో లేని పేర్లు: అనంతపురం ప్రెస్సుల్లో శ్రమ, కులం

ఏ కరపత్రం తీసుకున్నా అడుగున చిన్న అక్షరాల్లో ఒక లైను కనిపిస్తుంది: ఫలానా ప్రెస్, అనంతపురం. ఆ లైను మర్యాద కోసం వేసింది కాదు. దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం మీద, పత్రం మీద ముద్రాపకుడి పేరు, అచ్చయిన చోటు ఉండి తీరాలని 1867లోనే తెల్లదొరల ప్రభుత్వం చట్టం చేసింది. ఆ చట్టం స్థానంలో 2023లో కొత్తది వచ్చింది. ఎన్నికల కరపత్రాలకు మాత్రం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఎ సెక్షను ఇప్పటికీ ఉంది. అయితే ముద్రాపకుడంటే ఎవరు? చట్టం దృష్టిలో యజమానే. ఆ పేరును ఒక్కో అక్షరం ఏరి పేర్చిన మనిషి పేరు ఎక్కడా అచ్చు కాలేదు. ఆ మనిషి గురించే ఇక్కడ మాట్లాడదలిచాము.

ఈ ప్రాంతానికి అచ్చు కొత్తేమీ కాదు. 1820ల్లో లండన్ మిషన్ వాళ్లు బళ్లారిలో ప్రెస్సు పెట్టినారు. 1882లో అనంతపురం వేరు జిల్లా అయ్యేదాకా ఈ సీమ బళ్లారి జిల్లాలోదే. 1926లో పప్పూరు రామాచార్యులు శ్రీ సాధన పత్రిక మొదలుపెట్టారు. జిల్లా పత్రికల చరిత్ర రాసేవాళ్లు సంపాదకుల త్యాగాలు, జైలు శిక్షలు రాస్తారు, అవి రాయాల్సినవే. కానీ ఆ పత్రికలకు టైపు పేర్చిన చేతుల ఊసు రాదు.

తెలుగు కంపోజింగ్ ఎంత పనో నేటి తరానికి చెప్పాల్సి ఉంది. ఇంగ్లీషుకు ఇరవై ఆరు అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపినా రెండు కేసుల్లో సర్దుకుంటాయి. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి వందల రకాల టైపులు కావాలి. ఏ గడిలో ఏముందో చూడకుండానే చెయ్యి పోవాలి. ఎడమచేత స్టిక్కు పట్టుకుని, తిరగబడిన అక్షరాలను చదువుకుంటూ పేర్చాలి. అచ్చయ్యాక ఫారం విప్పి, టైపును కిరోసిన్‌తో కడిగి, మళ్లీ ఏ గడిది ఆ గడిలో పంచాలి. రోజంతా నిలబడే పని. టైపులో ఎక్కువ భాగం సీసం. చేతులకంటిన ఆ మసితోనే సద్దిమూట విప్పేవాళ్లు. 1948 ఫ్యాక్టరీల చట్టం సీసపు విషాన్ని తెలియజేసి తీరాల్సిన జబ్బుల పట్టికలో పెట్టింది.

మరి ఆ చట్టం ప్రెస్సుకు వర్తించలేదా? టైపు కంపోజు చేయడం, అచ్చువేయడం, బైండింగు అన్నీ 'తయారీ ప్రక్రియ' అనే అందులో రాసి ఉంది. కానీ కరెంటు వాడితే పదిమంది, వాడకపోతే ఇరవైమంది పనిచేసే చోటునే ఫ్యాక్టరీ అన్నారు. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను, ఇద్దరు కంపోజిటర్లు, ఒక బైండరు, ఒక పిల్లోడు ఉండే ప్రెస్సు ఈ లెక్కలోకి ఏనాటికి వస్తుంది? 2020లో పార్లమెంటు ఆమోదించిన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ పదిని ఇరవై చేసింది, ఇరవైని నలభై చేసింది. అప్రెంటిస్‌షిప్‌లో ఎస్సీ, ఎస్టీలకు చోటు కేటాయించాలని 1973లో చట్టాన్ని సవరించారు. అయిదుగురున్న ప్రెస్సుకు అప్రెంటిస్‌ను పెట్టుకోవాల్సిన బాధ్యతే లేదు. కాబట్టి పని ఎవరికి నేర్పాలన్నది యజమాని ఇష్టం. ఆ ఇష్టం బంధువుల పిల్లల దగ్గర, తెలిసినవాళ్ల పిల్లల దగ్గర ఆగిపోతుంది.

మేము మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం. థీసిస్ బైండింగు కోసం, ఏప్రిల్ 14 కరపత్రాల కోసం ప్రెస్సుల చుట్టూ తిరిగినప్పుడు మా కంటికి ఆనింది చెబుతున్నాము. మావాళ్లు ప్రెస్సులో లేరని కాదు, ఉన్నారు. మిషను తొక్కేచోట, కాగితం మోసేచోట, బైండింగులో ఉన్నారు. ఆడవాళ్లు ఫారాలు మడిచి, కుట్టి, వెయ్యికింత లెక్కన కూలి తీసుకుంటారు. కేసు దగ్గర, ప్రూఫుల బల్ల దగ్గర మావాళ్లు తక్కువ. అక్కడ కులం ఎవరూ అడగరు. "ఏ ఊరప్పా, ఏ పేట?" అని అడుగుతారు, అంతే. ఆ తర్వాత "వీళ్లకు భాష రాదు, తప్పులు పోతాయి" అనే మాట వస్తుంది. దాన్నే ఇప్పుడు మెరిట్ అంటున్నారు.

దీనికి కరువు తోడయింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంలేని నేల ఇది. శెనక్కాయలు పండితేనే పెళ్లిపత్రికలు, మండీలకు బిల్లుబుక్కులు. పంట ఎండితే పెళ్లి వాయిదా పడుతుంది, ప్రెస్సులో పని పడిపోతుంది. ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలుండవు, అప్పుడూ అంతే. ఎన్నికలొస్తే మాత్రం రాత్రింబగళ్లు పని. నెలజీతం లేనివాడికి ఈ హెచ్చుతగ్గులన్నీ సొంత నెత్తిమీదే పడతాయి. కరువును పంటల లెక్కలో చూసేవాళ్లు ఈ కూలినష్టాన్ని ఎప్పుడూ లెక్కగట్టలేదు.

1990 దశకంలో డీటీపీ వచ్చింది. కంపోజిటర్ చేతిలోని విద్య కొద్దికాలంలోనే పనికిరాకుండా పోయింది. వత్తు ఏ గడిలో ఉందో తెలిసిన చేతికి కీబోర్డు తెలియదు. టైపు ఇన్‌స్టిట్యూటుకు ఫీజు కట్టగలిగిన ఇళ్ల పిల్లలే కంప్యూటరు ముందు కూర్చున్నారు. సీసం తూకానికి అమ్ముడుపోయింది. దానికైనా ధర పలికింది. తర్వాత ఆఫ్‌సెట్, ఫ్లెక్సు వచ్చినాయి. మిషను ఖరీదు లక్షల్లోకి పోయేసరికి పాత ట్రెడిల్‌ను తానే కొని సొంతంగా పెట్టుకుందామన్న ఆశ కూడా పోయింది. అంబేద్కర్ పత్రికలు నడపడంతో ఊరుకోక బొంబాయి దాదర్‌లో భారత్ భూషణ్ ప్రెస్ ఎందుకు పెట్టించారో ఇక్కడ ఆలోచించాల్సి ఉంది. రాసే హక్కును గురించి మన పత్రికలు చాలా రాసినాయి. అచ్చుయంత్రం ఎవరిది, దాన్ని తిప్పే పని ఎవరిది అన్న ప్రశ్నను అంతగా పట్టించుకోలేదు. మా పత్రికతో సహా.

పని పోయినవాళ్లలో కొందరు బెంగళూరు ప్రెస్సులకు పోయినారు. అక్కడ ముందుగా అడిగేది ఎన్నేళ్ల అనుభవం అని, కాగితం చూపించమని. మా పేటలో ఒకాయన ముప్పై ఏళ్లలో ఎన్ని బళ్లకు టీసీ పుస్తకాలు, ఎన్ని ఆఫీసులకు సర్టిఫికెట్ల ఫారాలు కంపోజు చేసినాడో లెక్కలేదు. తనకొక కాగితం రాసివ్వమని పాత యజమాని దగ్గరికి పోతే, లెటర్‌హెడ్లు అయిపోయినాయి, మళ్లీ రమ్మన్నారట.