అలసటకు మందు ఏది? – మహిళల్లో రక్తహీనత, రుజువైన చికిత్సలు



నాలుగు మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నం తరగతిలో తూగు, ఎంత చదివినా తలకెక్కకపోవడం. ఈ లక్షణాలను మీలోనో, మీ అమ్మలోనో, అక్కలోనో మీరు గమనించే ఉంటారు. కొందరు దీన్ని బద్ధకం అంటారు. మరికొందరు 'ఆడవాళ్లకు నీరసం మామూలే' అని సరిపెడతారు. ఇంకొకవైపు దుకాణాల్లో 'శక్తినిచ్చే' టానిక్కులు, పొడులు బారులు తీరి ఉంటాయి. వీటిలో ఏది నిజంగా పనిచేస్తుంది? అది తెలుసుకునే పద్ధతి ఏమిటి? ఈ పాఠంలో చూద్దాం.

నీరసం ఎందుకు వస్తుంది?

నీరసం ఒక లక్షణం మాత్రమే, జబ్బు పేరు కాదు. నిద్ర చాలకపోవడం, తిండి చాలకపోవడం, థైరాయిడ్ లోపం, మధుమేహం, క్షయ, మానసిక కుంగుబాటు – వీటిలో ఏదైనా కారణం కావచ్చు. మన దేశంలో మహిళల విషయంలో ముందుగా ఆలోచించవలసినది రక్తహీనత. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అదే వయసు పురుషుల్లో అది 25 శాతం.

ఎందుకీ తేడా? మనం పీల్చిన ఆక్సిజన్‌ను శరీరమంతటికీ మోసేది ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్. దాని తయారీకి ఇనుము కావాలి. నెలసరిలో రక్తంతోపాటు ఇనుమూ బయటికి పోతుంది. అందుకే రోజుకు పురుషుడికి 19 మిల్లీగ్రాముల ఇనుము అవసరమైతే, స్త్రీకి 29 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సిఫార్సు చేసింది. చాలా ఇళ్లలో అందరి భోజనం అయ్యాక మిగిలింది తినేది కూడా ఆమే!

మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

ఒకరు టానిక్ తాగి 'ఓపిక వచ్చింది' అంటే అది రుజువు కాదు. మందు తీసుకుంటున్నామన్న నమ్మకమే కొంత మేలు చేస్తుంది. కొన్నిసార్లు నీరసం దానంతట అదే తగ్గుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ఒక వర్గానికి అసలు మందు, మరొక వర్గానికి చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర (ప్లసీబో) ఇచ్చి పోలుస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో తీసుకునేవారికి తెలియదు.

ఫ్రాన్స్‌లో జరిగిన ఇలాంటి ఒక పరిశోధన 2012లో ప్రచురితమైంది. అందులో 198 మంది మహిళలు పాల్గొన్నారు. వారికి రక్తహీనత లేదు. కానీ శరీరంలో ఇనుము నిల్వలు తక్కువ, అలసట ఎక్కువ. 12 వారాల తర్వాత ఇనుము మాత్రలు తీసుకున్న వారిలో అలసట కొలత సుమారు 48 శాతం తగ్గింది. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వారిలోనూ 29 శాతం తగ్గింది! ఈ రెండింటి మధ్య తేడాయే ఇనుము చేసిన మేలు. పోల్చి చూడకపోతే మొత్తం ఘనతను మాత్రకే కట్టబెట్టేవాళ్లం.

కారణాన్ని బట్టి చికిత్స

రక్తహీనతలన్నీ ఇనుము లోపం వల్లే రావు. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే వైద్యురాలు గర్భిణుల్లో కనిపించే ఒక రకం రక్తహీనతను పరిశీలించారు. అది ఈస్ట్ సారంతో నయమవుతుందని 1931లో ప్రకటించారు. అందులోని పోషకమే తర్వాత ఫోలిక్ ఆమ్లంగా గుర్తింపు పొందింది. బి12 విటమిన్ లోపం, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి కూడా రక్తహీనతకు కారణాలే. పరీక్ష చేయించుకోకుండా నెలల తరబడి ఇనుము మింగితే తలసేమియా వంటి వాటిలో హాని జరగవచ్చు.

కాబట్టి మొదటి మెట్టు రక్తపరీక్ష. గర్భిణి కాని స్త్రీకి 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనత అంటారు. అవసరమైతే వైద్యులు ఇనుము నిల్వలను తెలిపే ఫెర్రిటిన్ పరీక్ష కూడా చేయిస్తారు.

పాఠశాలల్లో వారానికొకటి ఇచ్చే నీలి రంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఇది నివారణకు ఉద్దేశించినది. రక్తహీనత ఉన్నట్లు తేలితే ఎంత మోతాదు, ఎంతకాలం అన్నది వైద్యులే చెప్పాలి. మాత్రల వల్ల మలం నల్లగా వస్తే భయపడనక్కర్లేదు. వికారం కలిగితే మానేయకుండా వైద్యులతో చెప్పండి. చిన్నపిల్లలు ఎక్కువ మింగితే ప్రాణాపాయం; వారికి అందకుండా దాచండి.

ఆహారం మాటకొస్తే, ఆకుకూరల్లోని ఇనుము శరీరానికి తక్కువగా అందుతుంది. పప్పులో నిమ్మరసం పిండుకున్నా, భోజనంతో జామ, ఉసిరి తిన్నా మరికొంత ఇనుము ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే తగ్గుతుంది. మాంసంలోని ఇనుము సులభంగా అందుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా 'ఓపిక లేదు' అంటే బద్ధకమని కొట్టిపారేయకండి. టానిక్ సీసా కొనే ముందు ఆమెను దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి రక్తపరీక్ష చేయించండి.

ఆలోచించండి

1. ఉత్తుత్తి మాత్ర తీసుకున్న వారిలోనూ అలసట ఎందుకు తగ్గింది?
2. మీరు చూసిన ఒక టానిక్ ప్రకటనను తీసుకోండి. అందులో పోలిక చూపారా, లేక నమ్మకం మాత్రమే అమ్ముతున్నారా?