కర్మాగారాల వ్యర్థజల శుద్ధి: ప్రభుత్వ, మార్కెట్ ప్రభావాలు

శ్రీకాకుళం నుంచి విశాఖపట్నం వెళ్లే జాతీయ రహదారిలో రణస్థలం దాటాక పైడిభీమవరం పారిశ్రామికవాడ వస్తుంది. ఇక్కడ మందుల తయారీ యూనిట్లు ఎక్కువ. పక్కనే పారే కందివలస గెడ్డ కలుషితమవుతోందని చుట్టుపక్కల గ్రామస్థులు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. వ్యర్థజలాలను శుద్ధి చేసేలా ఒక సంస్థను కదిలించేది ఏమిటో ఈ ఉదాహరణతో పరిశీలిద్దాం.

ముందుగా ఖర్చు సంగతి చూడండి. మందుల యూనిట్ల వ్యర్థజలాల్లో లవణాలు ఎక్కువ. వాటిని వేరు చేయడానికి నీటిని ఆవిరి చేయాలి, అందుకు బాయిలర్లలో నిత్యం ఇంధనం మండాలి. అంటే శుద్ధి కేంద్రం కట్టడం ఒకసారి అయ్యే ఖర్చయితే, నడపడం రోజూ అయ్యే ఖర్చు. నీటిని అలాగే వదిలేస్తే సంస్థకు ఆ ఖర్చు తప్పుతుంది. అయితే అది మాయం కాదు, పంట దెబ్బతిన్న రైతు మీద, చేపలు దొరకని మత్స్యకారుని మీద పడుతుంది. అర్థశాస్త్రంలో దీనిని ప్రతికూల బాహ్యత అంటారు. మందు ధరలో ఈ నష్టం చేరదు కాబట్టి మార్కెట్ తనంతట తాను దీనిని సరిదిద్దదు.

అందుకే చట్టం అవసరమైంది. 1974 నాటి జల కాలుష్య చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి లేనిదే వ్యర్థజలాలు వదలకూడదు. 33ఎ సెక్షన్ కింద మండలి యూనిట్‌ను మూయించవచ్చు, కరెంటు ఆపించవచ్చు. జరిమానా కంటే యాజమాన్యాలు భయపడేది దీనికే. మందుల పరిశ్రమ సహా 17 రకాల పరిశ్రమలు ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని 2014లో కేంద్ర మండలి ఆదేశించింది. అయితే మీటరు తాను బిగించి ఉన్న గొట్టాన్నే చూస్తుంది, వానరాత్రి వేరే దారిన పోయిన నీటిని చూడదు.

చట్టం చేరని చోటు ఇంకొకటి ఉంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు 2007లో పరిశోధకులు ప్రకటించారు. వ్యర్థజలాల్లో ఆంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020లో ముసాయిదా తెచ్చింది, 2021 తుది నోటిఫికేషన్‌లో అవి లేవు.

ఇక్కడ మార్కెట్ మరో రూపంలో వస్తుంది. నార్వే ఆసుపత్రుల కొనుగోలు సంస్థ 2019లో ఆంటీబయాటిక్ టెండర్ల మూల్యాంకనంలో 30 శాతం పర్యావరణానికి కేటాయించింది. ఎగుమతిదారుకు ఇది గట్టి ప్రేరణే. కాని కొనుగోలుదారు చేయించే తనిఖీ నివేదిక అతని దగ్గరికే వెళుతుంది. మండలి ఇచ్చిన సమ్మతి పత్రంలోని షరతులను మాత్రం పైడిభీమవరం పౌరుడెవరైనా సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు.