కొత్త బల్బు వేస్తే లైటు ఎందుకు చెడింది?

కృష్ణా జిల్లాలో ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక కుర్రాడు కారు కిరాయికి తిప్పుతాడు. పగలు పెళ్లిళ్లకు, రాత్రి ఆసుపత్రులకు ఆ కారే దిక్కు. ఊరి నుంచి పెద్ద రోడ్డుకు పోవాలంటే కాలువ గట్టు మీదుగా పోవాలి. ఒక పక్క కాలువ. ఇంకో పక్క పొలాలు. వీధి దీపాలు లేవు.

కారు లైట్లు చాలడం లేదని అతనికి అనిపించింది. పట్నం పోయినప్పుడు ఒక కొట్లో కొత్త బల్బులు కొన్నాడు. "ఇవి వేస్తే రోడ్డు పట్టపగల్లా ఉంటుంది" అన్నాడు కొట్టతను. ఇంటికి వచ్చి పాత బల్బులు తీసేశాడు. కొత్తవి తనే బిగించాడు. లైటు వేసి చూసుకుని మురిసిపోయాడు.

మూడో రోజు రాత్రి గట్టు మీద ఎదురుగా పాలాయన మోపెడ్ మీద వస్తున్నాడు. కుర్రాడు లైటు డిమ్ చేశాడు. అయినా పాలాయన కళ్లు బైర్లు కమ్మాయి. రోడ్డు కనపడలేదు. బండి గట్టు అంచుకు పోయింది. కాలు ఆనించి ఎలాగో ఆపుకున్నాడు. ఇంకో రెండడుగులు పోతే కాలువే.

"ఏంటి బాబూ ఆ లైట్లు! డిమ్ చేయవా?" అన్నాడు పాలాయన.

"చేశానండీ!"

"చేస్తే అలా ఉంటుందా? కళ్లు పోయినట్టయింది."

ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది. ఒక ముసలాయనకు ఆయాసం వచ్చింది. రాత్రిపూట ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. దారిలో కాలిన వాసన వచ్చింది. కుడి లైటు టప్పున ఆరిపోయింది. ఒంటి లైటుతో మెల్లగా పోయారు. ముసలాయన ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ అరగంట ఆలస్యమైంది.

తెల్లారగానే కుర్రాడు కారును మెకానిక్ దగ్గరకు తీసుకుపోయాడు. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్లు కార్ల కరెంటు పని చేసి వచ్చినవాడు. వరసకు కుర్రాడికి బాబాయి.

బల్బు మీద ఏం రాసి ఉంది?

"పాత బల్బు ఉందా? కొత్తది కూడా తే. రెండింటి మీదా ఏం రాసుందో చదువు" అన్నాడు బాబాయి.

కుర్రాడు బల్బు అడుగున ఉన్న అంకెలు చదివాడు. పాత దాని మీద 12 వోల్టులు, 60/55 వాట్లు అని ఉంది. కొత్త దాని మీద 12 వోల్టులు, 100/90 వాట్లు అని ఉంది.

ఈ అంకెలకు అర్థం ఏమిటి? 12 వోల్టులు అంటే కారు బ్యాటరీ ఇచ్చే కరెంటుకు సరిపోయే బల్బు అని. వాట్లు అంటే ఆ బల్బు ఎంత కరెంటు తింటుందో చెప్పే లెక్క. ఈ రకం బల్బును హెచ్ 4 అంటారు. ఇందులో రెండు తీగలు ఉంటాయి. ఒకటి దూరం చూపే లైటుకు. రెండోది డిమ్ లైటుకు. అందుకే దాని మీద రెండు అంకెలు ఉంటాయి.

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. తీగలో ఎంత కరెంటు పారుతుందో ఆంపియర్లు చెబుతాయి. లెక్క చేసి చూడండి.

పాత బల్బు: 60ని 12తో భాగిస్తే 5 ఆంపియర్లు. రెండు లైట్లకు 10.

కొత్త బల్బు: 100ని 12తో భాగిస్తే 8 ఆంపియర్ల పైన. రెండు లైట్లకు దాదాపు 17.

కారు తయారు చేసినవాళ్లు 10 ఆంపియర్ల లెక్కతో తీగ వేశారు. ఇప్పుడు అదే తీగలో 17 పారుతోంది. తీగ వేడెక్కుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. ఈ కారులో కరెంటు రెండింతలు కూడా కాలేదు. అయినా తీగలో వేడి దాదాపు మూడింతలు అయింది.

బాబాయి కుడి లైటు వెనక ఉన్న హోల్డరు ఊడదీశాడు. అది నల్లగా మాడి ఉంది. ప్లాస్టిక్ కరిగి ముద్దయింది. కాలిన వాసన అక్కడిదే. బల్బు బాగానే ఉంది. దానికి కరెంటు అందించే దారి కాలిపోయింది.

ఫ్యూజు ఎవరిని కాపాడుతుంది?

"ఫ్యూజు పోలేదా?" అడిగాడు బాబాయి.

"రెండో రోజే పోయింది బాబాయ్. కొంచెం పెద్దది వేశాను. మళ్లీ పోలేదు."

బాబాయి ఫ్యూజు పెట్టె తెరిచాడు. అక్కడ ఉండాల్సింది 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు. ఉన్నది 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు.

"ఇంట్లో ఫ్యూజు పోతే లావు తీగ కడతారు చూడు. నువ్వూ అదే పని చేశావు అబ్బాయ్."

ఫ్యూజు ఉన్నది బల్బును కాపాడడానికి కాదు. తీగను కాపాడడానికి. కరెంటు మితి మీరితే ముందు ఫ్యూజు కరగాలి. అప్పుడు తీగకు ముప్పు ఉండదు. పెద్ద ఫ్యూజు వేస్తే అది కరగదు. దాని బదులు తీగ కాలుతుంది. ఆ పక్కనే నూనె, పెట్రోలు గొట్టాలు ఉంటాయి. బండి మొత్తం అంటుకుంటుంది.

ఫ్యూజు రంగును బట్టి కూడా దాని బలం తెలుస్తుంది. ఎరుపు 10 ఆంపియర్లు. నీలం 15. పసుపు 20. ఆకుపచ్చ 30. ఏ చోట ఏది వేయాలో ఫ్యూజు పెట్టె మూత మీద గాని, కారు పుస్తకంలో గాని ఉంటుంది. పోయిన ఫ్యూజు స్థానంలో అదే అంకె ఉన్నది వేయాలి. అది కూడా వెంటనే పోతే ఎక్కడో లోపం ఉన్నట్టు. ఆ లోపం వెతకాలి.

డిమ్ చేసినా కళ్లలో ఎందుకు కొట్టింది?

హెచ్ 4 బల్బు లోపల డిమ్ తీగ కింద ఒక చిన్న రేకు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప కొంత వెలుగును ఆపుతుంది. దానివల్ల వెలుగు పైకి పోదు. రోడ్డు మీదే పడుతుంది. బల్బు తన చోట సరిగ్గా కూర్చుంటేనే ఆ దొప్ప పని చేస్తుంది.

బల్బు అంచుకు మూడు చెవులు ఉంటాయి. పై చెవి మిగతా రెండింటిలాగా ఉండదు. మూడూ వాటి గాడుల్లో పడాలి. పైన స్ప్రింగు తీగ బిగించాలి. కుర్రాడు బిగించిన ఎడమ బల్బు ఒక పక్కకు ఒరిగి ఉంది. పైగా డిమ్ వెలుగు 55 వాట్ల బదులు 90 వాట్లు. ఇక ఎదుటివాడి కళ్లు ఏం కావాలి?

ఎదుటివారి కళ్లలో వెలుగు కొట్టకూడదని చట్టం కూడా చెబుతోంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలో ఈ సంగతి ఉంది.

ఎల్.ఇ.డి. బల్బు వేస్తే?

"అయితే ఎల్.ఇ.డి. వేస్తాను బాబాయ్. దానికి కరెంటు తక్కువ కదా" అన్నాడు కుర్రాడు.

కరెంటు తక్కువ అన్నది నిజమే. తీగ కాలదు. కానీ ఇంకో చిక్కు ఉంది. లైటు లోపల అద్దంలా మెరిసే డొప్ప ఉంటుంది. పాత బల్బులో వెలిగే తీగ ఎక్కడ ఉంటుందో, ఎంత సన్నగా ఉంటుందో చూసి ఆ డొప్పను మలిచారు. ఎల్.ఇ.డి.లో వెలుగు వేరే రకంగా పుడుతుంది. దాన్ని ఆ డొప్పలో పెడితే వెలుగు చెదిరిపోతుంది. కొంత ఎదుటివారి కళ్లలోకి పోతుంది. కొంత కారు ముందే పడుతుంది. దగ్గర తెల్లగా మెరుస్తుంది. దూరం మాత్రం కనపడదు. డ్రైవరుకు బాగా కనపడుతున్నట్టే ఉంటుంది. అదే ప్రమాదం. కంపెనీవాళ్లే ఎల్.ఇ.డి. పెట్టి ఇచ్చిన కార్లలో డొప్పను కూడా దానికి తగ్గట్టు చేస్తారు. అక్కడ ఈ చిక్కు రాదు.

పక్క లైట్లకు ఎల్.ఇ.డి. వేసినప్పుడు ఇంకో వింత జరుగుతుంది. మలుపు తిరిగే లైటు టకటకా తొందరగా కొట్టుకుంటుంది. ఎందుకంటే, ఆ చోట ఉండాల్సింది 21 వాట్ల బల్బు. ఎల్.ఇ.డి. తినేది కొద్ది వాట్లే. కరెంటు తగ్గేసరికి బండి "బల్బు పోయింది" అనుకుంటుంది. డ్రైవరుకు తెలియాలని తొందరగా కొడుతుంది. ఎల్.ఇ.డి.కి పనికొచ్చే ఫ్లాషరు వేస్తే ఇది చాలా బండ్లలో పోతుంది. లేదా పాత బల్బే మళ్లీ వేసుకోవాలి. కొందరు దీనికి రెసిస్టరు కలుపుతారు. అది బాగా కాలుతుంది. ప్లాస్టిక్‌కు, తీగలకు తగలనివ్వకూడదు.

చిన్న ఎల్.ఇ.డి. వేయగానే వెలగకపోతే పాడైందని పారేయవద్దు. దానికి ప్లస్, మైనస్ ఉంటాయి. తిప్పి పెట్టి చూడాలి.

లోపం ఎలా వెతకాలి?

లైటు ఆరిపోగానే బల్బు కొనడానికి పరుగెత్తకూడదు. ముందు ఏది వెలుగుతోందో, ఏది వెలగడం లేదో చూడాలి.

రెండు లైట్లూ ఒకేసారి పోయాయా? అయితే బల్బుల తప్పు కాకపోవచ్చు. ఫ్యూజు, రిలే, స్విచ్చి చూడాలి.

ఒక్క లైటే పోయిందా? బల్బు, హోల్డరు చూడాలి. కొన్ని కార్లలో ఒక్కో లైటుకు ఒక్కో ఫ్యూజు ఉంటుంది. అదీ చూడాలి. కుడి బల్బు తీసి ఎడమ వైపు పెట్టండి. అక్కడ వెలిగితే బల్బు మంచిదే. లోపం దారిలో ఉంది.

దూరం లైటు వెలిగి, డిమ్ వెలగడం లేదా? బల్బులో ఒక తీగ తెగి ఉండవచ్చు.

ఒకటి బాగా వెలిగి, ఇంకొకటి మసగ్గా ఉందా? ఎర్తు చూడాలి.

బ్రేకు తొక్కితే వేరే లైటు మినుకుమంటోందా? అప్పుడూ ఎర్తు చూడాలి.

ఎర్తు అంటే ఏమిటి? బ్యాటరీ నుంచి కరెంటు ఒక తీగ మీద బల్బుకు వస్తుంది. మళ్లీ బ్యాటరీకి తిరిగి పోవాలి. తిరిగి పోవడానికి కారు ఇనుప ఒళ్లే దారి. బల్బు నుంచి ఒక తీగ వచ్చి ఆ ఇనుముకు బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ బోల్టు దగ్గర తుప్పు పడితే దారి మూసుకుపోతుంది. పంట కాలువలో గుర్రపుడెక్క అడ్డం పడితే నీళ్లు పారవు కదా. ఇదీ అంతే.

అసలు లోపం ఎక్కడ?

బాబాయి కొత్త హోల్డరు వేశాడు. 15 ఆంపియర్ల ఫ్యూజు వేశాడు. 60/55 వాట్ల బల్బులు బిగించాడు. గాజును చేత్తో ముట్టుకోలేదు. చేతి జిడ్డు అంటితే ఆ చోట గాజు మరీ వేడెక్కి బల్బు తొందరగా పోతుంది.

తర్వాత ఇంజను వేసి మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర దాదాపు 14 వోల్టులు ఉన్నాయి. లైటు దగ్గర 12 మాత్రమే ఉన్నాయి. రెండు వోల్టులు దారిలోనే పోతున్నాయి. ఎర్తు బోల్టు విప్పి చూస్తే ఎర్రగా తుప్పు పట్టి ఉంది. ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ బిగించాడు. వోల్టులు పెరిగాయి. వెలుగూ పెరిగింది.

వోల్టులు కొంచెం తగ్గినా వెలుగు చాలా తగ్గుతుంది. వోల్టులు పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. పైగా లైట్ల మీద దుమ్ము, పసుపు మరక పేరుకుని ఉన్నాయి. వాటిని కూడా తుడిచి శుభ్రం చేశాడు.

"చూశావా అబ్బాయ్! మొదట నీ లైటు మసగ్గా ఉన్నది తుప్పు వల్ల, మురికి వల్ల. నువ్వు బల్బు మార్చావు. జబ్బొకటి, మందొకటి."

ఆ సాయంత్రం కారును బడి గోడకు ఎదురుగా నిలిపారు. నేల చదునుగా ఉంది. గోడకూ కారుకూ మధ్య 25 అడుగులు. డిమ్ లైటు వేశారు. వెలుగు పై అంచు, లైటు ఎత్తు కన్నా రెండు మూడు అంగుళాలు కిందికి ఉండాలి. ఎడమ లైటు కాస్త పైకి ఉంది. వెనక ఉన్న మర తిప్పి సరిచేశారు.

రెండు రోజుల తర్వాత గట్టు మీద మళ్లీ పాలాయన ఎదురయ్యాడు. కుర్రాడు డిమ్ చేశాడు. పాలాయన బండి ఆగకుండా, తన దారిన తాను చక్కగా పోయింది.

గుర్తుంచుకోండి

1. లైటు తగ్గితే ముందు లైటు తుడవండి. ఎర్తు చూడండి. తర్వాతే బల్బు మాట.
2. బల్బు కొనే ముందు పాత దాని మీది అంకెలు చదవండి. అవే అంకెలు ఉన్నది అడగండి.
3. ఫ్యూజు అంకె ఎప్పుడూ పెంచకండి. ఫ్యూజు బదులు తీగ ముక్క పెట్టకండి.
4. పని మొదలుపెట్టే ముందు లైట్లు ఆపండి. బల్బు చల్లారనివ్వండి. తీగల పని అయితే బ్యాటరీ మైనస్ తీగ విప్పండి.
5. కాలిన వాసన వస్తే బండి పక్కకు ఆపి, లైట్లు, ఇంజను ఆపండి. అందరినీ కిందికి దించండి.
6. బల్బు మార్చిన ప్రతిసారీ గోడ మీద వెలుగు చూసుకోండి.

లెక్క చేయండి

ఒక బండికి 12 వోల్టుల బ్యాటరీ ఉంది. దానికి 60 వాట్ల బల్బులు నాలుగు వేశారు. మొత్తం ఎన్ని ఆంపియర్లు? ఆ దారిలో 15 ఆంపియర్ల ఫ్యూజు ఉంటే ఏమవుతుంది? అప్పుడు 30 ఆంపియర్ల ఫ్యూజు వేయడం సరైన పనేనా? మీ ఊళ్లో బండి నడిపేవారితో మాట్లాడండి.