ఇల్లు కట్టే కాలానికి ఊళ్లో మనుషులుండరు

కర్నూలు జిల్లా ఆలూరు ప్రాంతంలో ఇల్లు కట్టడానికి వీలైన కాలం, ఊరు విడిచి పోవాల్సిన కాలం ఒకటే. వానలు తగ్గి, నల్లరేగడి ఆరి, పునాది తీయడానికి అదను కుదిరేది కార్తీకం దాటాకే. సరిగ్గా అప్పుడే ఆలూరు, హాలహర్వి, హొళగుంద, ఆస్పరి, చిప్పగిరి, దేవనకొండ మండలాల నుంచి జనం సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతారు. పత్తి తీయడానికి కొందరు తెలంగాణకు, మిరపకాయలు కోయడానికి ఎక్కువమంది గుంటూరు, పల్నాడు వైపుకు, బేల్దారి పని తెలిసినవాళ్లు బెంగళూరుకు. చాలామంది తిరిగొచ్చేది ఉగాదికి. అప్పటికి చేతిలో నాలుగు రూపాయలుంటాయి గానీ ఊళ్లో నీళ్లుండవు. సిమెంటు గోడ గట్టిపడాలంటే కనీసం వారం రోజులు తడి ఆరకూడదు. తాగడానికే ట్యాంకర్ ముందు బిందెలు వరసపెట్టే చోట గోడకు నీళ్లు ఎవరు పోస్తారు?

బేస్‌మెంట్ దగ్గర ఆగిపోయి, చుట్టూ కంపచెట్లు మొలిచిన ప్రభుత్వ పథకం ఇళ్లను చూసి లబ్ధిదారులకు శ్రద్ధ లేదనేవాళ్లు ఉన్నారు. బిల్లులు రాలేదని, ఇసుక దొరకలేదని, పార్టీలు మారాయని చెప్పేవాళ్లూ ఉన్నారు. వాటిలో నిజం లేకపోలేదు. కానీ వీటన్నిటికీ అడుగున ఉన్న ఈ కాలాల గొడవ ఏ ఫైలులోనూ కనిపించదు.

ఈ నేల మొదటినుంచీ అంచు నేలే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి వచ్చి చేరిన మూడు తాలూకాల్లో ఆలూరు ఒకటి. మిగతావి ఆదోని, రాయదుర్గం. తుంగభద్ర దిగువ కాలువలో ఆంధ్రకు 24 టీఎంసీల వాటా కాగితం మీద ఉంది. ఆ నీరు కర్ణాటక పొలాలు దాటి ఇక్కడికి చేరేసరికి ఎంత మిగులుతుందన్నదే ఏటా తగువు. పంట నమ్మకం లేనిచోట వలస తప్పదు. వలస తప్పనిచోట ఇల్లు నిలవదు.

పాత ఇళ్ల సంగతే చూడండి. రాతిగోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన కట్టెలు పరిచి మట్టి పోసి, అన్నిటికంటే పైన చౌడు తొక్కిన మిద్దెలు. చౌడుకు ఒక గుణముంది. నీళ్లు తగలగానే మెత్తబడి సందులన్నీ పూడుకుపోతాయి, వాన లోపలికి దిగదు. అయితే ఆ చౌడు ఎండకు బీటలువారుతుంది, గాలికి లేస్తుంది. అందుకే ఏటా తొలకరికి ముందే కొత్త చౌడు తెచ్చి పరవాలి. ఇరుగుపొరుగు ముయ్యికి, అంటే పనికి పని బదులుగా, వచ్చి ఒకరి మిద్దె తర్వాత ఒకరిది సరిచేసుకునేవాళ్లు. సుగ్గికి పోయి తొలకరిదాకా తిరిగిరాని ఇంటి మీద ఆ పని ఆగిపోతుంది. మిద్దె ఉరుస్తుంది, దంతెలు నాని పుచ్చిపోతాయి. ఇంటివాళ్లు తిరిగొచ్చి, లీకు ఆపుదామని పాత మట్టి తీయకుండానే పైన ఇంకో పొర పోస్తారు. బరువు పెరుగుతూ పోతుంది. ముసురు పట్టిన రాత్రి మట్టిమిద్దె కూలి నిద్రలోనే ప్రాణాలు పోయాయన్న వార్త కర్నూలు జిల్లాలో ఏ వానాకాలంలో వచ్చినా ఎవరూ ఆశ్చర్యపోరు.

ప్రభుత్వాలు ఊరుకోలేదు. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టింది 1979లో. 2006లో ఇందిరమ్మ ఇళ్లు వచ్చాయి. 2020 డిసెంబరు 25న మొదలైన పథకం కింద పల్లెల్లో ఒకటిన్నర సెంటు చొప్పున ఆడవాళ్ల పేరున పట్టాలిచ్చారు. ఇంటికి 1.80 లక్షలు. అందులో ఉపాధి హామీ కూలి కింద వచ్చే 30 వేలూ కలిసే ఉండేవి. చాలకపోతే పొదుపు సంఘం ద్వారా పావలా వడ్డీకి 35 వేల అప్పు. ఆగిపోయిన ఇళ్ల కోసం 2025లో ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు అదనంగా ప్రకటించారు.

లెక్క బాగానే ఉంది. ఒకటిన్నర సెంటంటే సుమారు 650 చదరపు అడుగులు. అందులో ఇల్లు 340 అడుగులు. గొడ్డు, గడ్డివాము, పొయ్యికట్టెలు, పేడదిబ్బ ఎక్కడ? సరే, వాటిని పక్కన పెడదాం. అసలు చిక్కు పునాదిలో ఉంది. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద రెండడుగుల పునాది తీసి గోడ లేపితే రెండో ఏటికే మూల నుంచి మూలకు పగులు. నిలవాలంటే నల్లమట్టి తీసేసి గట్టినేల తగిలేదాకా పోవాలి, లేదా ఆ గుంతలో గరుసు పోసి దిమ్మిస కొట్టాలి. ఎర్రనేల ఊళ్లో ఇల్లు పైకి లేచే డబ్బు ఇక్కడ భూమిలోనే కలిసిపోతుంది. ప్రభుత్వం ఇచ్చే డబ్బు మాత్రం రెండు చోట్లా ఒకటే. పైగా పునాది (బీబీఎల్), బేస్‌మెంట్ (బీఎల్), కప్పు మట్టం (ఆర్ఎల్), స్లాబు (ఆర్‌సీ) అని దశలు పెట్టి, దశ పూర్తయ్యాక ఫొటో తీసి, ఆ తర్వాతే బిల్లు. ముందు పెట్టుబడి ఇంటివాళ్లదే. ఆ పెట్టుబడి కోసమే వాళ్లు మిరపతోటలకు పోతారు. పోతే ఇల్లు ఆగుతుంది, పోకపోతే మొదలే కాదు.

ఒంటరి ఇంటికి ఈ ముడి విప్పడం చేతకాదు. సంఘాలకు చేతనవుతుంది. ఆ సంఘాలు కొత్తగా పుట్టించాల్సినవి కూడా కావు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990ల మధ్యలో మహిళా పొదుపు సంఘాల ప్రయోగానికి ఎంచుకున్న మూడు జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఈ జిల్లాలోనే ఓర్వకల్లు ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచుకుంటూ మొదలై, ఊరి సంఘాలను మండల సమాఖ్యగా కట్టి, సొంతంగా బడి పెట్టేదాకా వెళ్లారు. ఆలూరు పల్లెల్లోనూ సంఘాలున్నాయి, గ్రామ సమాఖ్యలున్నాయి. వాటికి ఇంటి విషయంలో అప్పు ఇప్పించే పని తప్ప ఇంకేమీ అప్పగించలేదు.

నాలుగైదు ఊళ్ల సమాఖ్యలు కలిసి కూర్చుంటే ఏం చేయొచ్చో చూడండి. వరసలో ఉన్న ఇరవై ఇళ్లకు ఒకేసారి జేసీబీ పెట్టి పునాదులు తీయించొచ్చు. గరుసు, సిమెంటు, కమ్మీ లారీ లెక్కన తెప్పించొచ్చు. కాలనీకి ఒక తొట్టి కట్టి, గోడల తడికి ట్యాంకర్ నీళ్లు వంతులవారీగా వాడుకోవచ్చు. సిమెంటు ఇటుకలు పోసే యూనిట్ ఒకటి పెడితే కొందరికి సుగ్గి బదులు ఊళ్లోనే పని. బెంగళూరులో అపార్టుమెంట్లు లేపే మన బేల్దార్లకు ఇక్కడే మూడు నెలల కూలికి పూచీ ఇస్తే సొంతూరి కాలనీ కడతారు. సుగ్గికి పోక తప్పని ఇంటికి సంఘమే మనిషిని పెట్టి పని చూసుకుంటుంది. ముయ్యి తెలిసిన పల్లెలకు ఇది కొత్త పాఠమేమీ కాదు.

వేరే దేశాల్లో ఇది జరిగింది. థాయిలాండ్‌లో 2003లో మొదలైన బాన్ మంకాంగ్ పథకం పేదవాడల ఇళ్లకు అప్పును విడివిడిగా కాక ఆ వాడ సంఘానికే ఇచ్చింది. స్థలం ఎక్కడ, దారి ఎక్కడ, కాలువ ఎక్కడన్నది వాడవాళ్లే గీసుకున్నారు. ఉరుగ్వేలో 1970లో సమాఖ్యగా ఏర్పడిన గృహ సహకార సంఘాల్లో ప్రతి కుటుంబమూ వారానికి ఇన్ని గంటలని తన చెమట వాటాగా పెడుతుంది. ఏ ఇల్లు ఎవరిదో తేలేది చాలాచోట్ల అన్నీ పూర్తయ్యాకే. అందువల్ల పక్కగోడ కూడా తన గోడంత శ్రద్ధగానే లేస్తుంది.

సంఘమంటే అన్నీ సవ్యంగా సాగుతాయని కాదు. ఒకరి అప్పుకు పదిమందిని బాధ్యుల్ని చేస్తే ఏమవుతుందో 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్లప్పుడు మన రాష్ట్రమే చూసింది, ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. పార్టీ కక్షలున్న ఊళ్లో సంఘం పగ్గాలు ఒక వర్గం చేతికి పోతే రెండో వర్గం ఇల్లు బేస్‌మెంటు దాటదు. సంఘంలో చేరే స్తోమత కూడా లేని కుటుంబాలు ఉంటాయి. అందుకే సామాను కొనుగోలు, పని, నీళ్లు ఉమ్మడిగా, బాకీ మాత్రం ఎవరిది వాళ్లదిగా ఉంచాలి. లెక్కల పుస్తకం గ్రామసభలో చదవాలి.

ప్రభుత్వం చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. నల్లరేగడి ఊళ్లకు పునాది ఖర్చు వేరుగా లెక్కకట్టాలి. మొదటి దశ డబ్బు పని అయ్యాక కాక, పని మొదలయ్యే ముందు గ్రామ సమాఖ్య ఖాతాలో వేయాలి. అదీ దసరాకు, దేవరగట్టు బన్ని ఉత్సవం నాటికి చేతికి రావాలి. ఊరంతా ఊళ్లో ఉండేది అప్పుడే. ఎవరు సుగ్గికి పోవాలో, ఎవరు పునాది దగ్గర నిలవాలో ఇంట్లో తేల్చుకునేదీ ఆ రోజుల్లోనే. కార్తీకం దాటాక వచ్చే మంజూరు కాగితం తాళం వేసిన తలుపు దగ్గరికే చేరుతుంది.