‘స్టాండర్డు’ : జెండాయును, కొలతయును

ఇంగ్లీషు నుండి మన వ్యవహారములోనికి వచ్చిన మాటలలో ‘స్టాండర్డు’ వంటి బహురూపి అరుదు. పిల్లవాడు అయిదవ స్టాండర్డు చదువుచున్నాడందుము. సరకు స్టాండర్డు రకమందుము. గడియారము స్టాండర్డు టైమును చూపును. ఆర్థికవేత్తలు గోల్డు స్టాండర్డును గూర్చి వాదింతురు. రాజుల యుద్ధధ్వజమును సయితము ఇంగ్లీషువారు స్టాండర్డే యందురు. తరగతి, మేలురకము, కాలము, బంగారము, జెండా: ఈ అయిదింటికిని ఒక్క మాట యెట్లు చెల్లెను? ఇది పండితుల వినోదమునకు మాత్రమే పనికివచ్చు ప్రశ్న కాదు. జెండాకును కొలతకును గల చుట్టరికము నెరుగని జాతి జెండాను పట్టుకొని కొలతను విడిచిపెట్టు ప్రమాదము కలదు.

ఈ విచారణకు హైదరాబాదు పాతబస్తీలోని హుస్సేనీ ఆలం కంటె తగిన తావు లేదు. చార్మినారునకు చేరువనున్న ఆ పేట అచ్చటి ఆషూర్ఖానాలోని ధ్వజమువలన ఆ పేరు పొందినది. అరబ్బీలో ‘అలం’ అనగా గురుతు, ధ్వజము. క్రీ. శ. 680లో కర్బలా రణరంగమున ఇమాము హుస్సేను పక్షమున ధ్వజము పట్టినవాడు ఆయన సోదరుడు అబ్బాసు. ఆ స్మృతిచిహ్నములే ఆషూర్ఖానాలలోని అలములు. మొహర్రము పదవనాడు డబీర్‌పురా నుండి బీబీ కా ఆలం ఏనుగుపై ఊరేగుట నగరపు ఆచారము. మనము తెలుగున దీర్ఘమిచ్చి ‘ఆలం’ అని వ్రాయుదుము. కాని ఉర్దూలో దీర్ఘముతో పలికిన ఆ మాటకు లోకమని యర్థము. ధ్వజమును లోకముగా చేసిన ఘనత మన లిపిది! పల్లెలలో మనవారు ఇంకొక అడుగు ముందునకు వేసిరి. పారశీకమున వృద్ధుడు, గురువు అను అర్థముగల ‘పీరు’ మాటను ఆ ధ్వజమునకే పెట్టి, హిందువులును ముస్లిములును కలిసి పీర్లపండుగ చేసికొనిరి. మాటలు నడచునది నిఘంటువుల వెంట కాదు, జనుల వెంట.

‘స్టాండర్డు’ సయితము ఇట్లు నడచినదే. ప్రాచీన ఫ్రెంచి భాషలో అది సేనలు గుమిగూడు చోట నాటిన ధ్వజము. ‘చాచుట’ యను లాటిను ధాతువునుండి పుట్టెనని కొందరును, ‘గట్టిగా నిలుచునది’ యను జర్మానిక్ పదమునుండి పుట్టెనని కొందరును చెప్పుదురు. 1138లో ఉత్తర ఇంగ్లండున స్కాట్లతో పోరిన సేన ఓడ తెరచాపకొయ్యను బండిపై నిలిపి, దానికి తమ పుణ్యపురుషుల పతాకలు కట్టినది. ఆ పోరునకే ‘స్టాండర్డు యుద్ధ’మని పేరు వచ్చెను. ధ్వజము నిలిచినంతవరకు సేన నిలుచును. చెదరినవాడు దానిని చూచి మరల చేరును.

ఇందుండియే కొలత యను అర్థము పుట్టెనని నిఘంటుకర్తల ఊహ. రాజముద్ర వేసిన గజమును, తూకపురాళ్లను ఒకచోట భద్రపరచిరి. అంగడిలో తగవు వచ్చినపుడు సైనికుడు ధ్వజమును జూచినట్లు వర్తకుడు ఆ రాజప్రమాణమును చూడవలెను. తరువాత 1862లో ఇంగ్లండు ప్రభుత్వము చదువు, వ్రాత, లెక్కలలో ఆరు ‘స్టాండర్డులు’ ఏర్పరచి, పిల్లలు వానిలో నెగ్గినంతమేరకు బడులకు ధనసహాయ మొసగుట కారంభించెను. పరీక్షకు పెట్టిన కొలత క్రమముగా తరగతికే పేరైనది.

ఈ బంధుత్వము మన తెలుగునకు కొత్తది కాదు. మహాధనికుని ‘కోటికి పడగలెత్తినవా’డందుము. పడగ యనగా జెండా. కోటికొక పడగ చొప్పున ఇంటిపై నెత్తిరన్నమాట! అక్కడ జెండాయే కొలత.

అయితే కొలత యెవరి చేతిలో నున్నదను ప్రశ్నలోనే బాధ యంతయు కలదు. 1927లో దొరల ప్రభుత్వము రూపాయి మారకమును 18 పెన్నీలుగా శాసించెను. 16 పెన్నీలు చాలునని జాతీయవాదులు మొరపెట్టిరి. విదేశమున 16 పెన్నీలకు అమ్ముడైన సరకునకు పాతరేటున రూపాయి వచ్చును. కొత్తరేటున పదునాలుగణాల పైచిల్లర మాత్రమే వచ్చును. శిస్తు మాత్రము రూపాయలలోనే కట్టవలెను. 1931 సెప్టెంబరులో బ్రిటను బంగారు ప్రమాణమును విడిచినపుడు మన రూపాయిని స్టెర్లింగునకే ముడివేసిరి. మన అభిప్రాయ మడిగినవారు లేరు. పరుని చేతిలోని కొలత పరుని జెండా కంటె లోతుగా నాటుకొనును. జెండా కంటికి కనబడును, కొలత కడుపునకు తెలియును.

అన్ని కొలతలును ఇట్టివే యనరాదు. 1906 నుండి అమలులోనున్న మన స్టాండర్డు టైము, కాకినాడకు చేరువగా పోవు 82½ డిగ్రీల తూర్పు రేఖ ననుసరించినది. హైదరాబాదున సూర్యుడు నడినెత్తికి వచ్చుట దానికంటె సుమారు పదునారు నిమిషములు ఆలస్యము. ఐనను ఒక దేశమునకు ఒక గడియారమున్నచో రైలుబండికిని తంతికిని మేలు. అందరికిని ఒక్కటియై, అందరి మేలుకై యేర్పడిన కొలతకు తలయొగ్గుట దాస్యము కాదు.

1947 జులై 22న రాజ్యాంగసభ త్రివర్ణపతాకను అంగీకరించెను. ఆ యేటి ఆగస్టులో హైదరాబాదున దాని నెత్తిన దేశభక్తులు చెరసాల పాలైరి. 1948 సెప్టెంబరులో ఆ రాజ్యమున నిజాము ప్రభుత్వము ముగిసెను. తరువాత కొలతల వంతు వచ్చినది. ఆరు బ్రిటిషిండియా రూపాయలు ఏడు హాలీసిక్కాలైన దినములు పోయి దేశమంతట ఒకే నాణెము చెల్లినది. 1956 నాటి చట్టము ననుసరించి, 1958 అక్టోబరు నుండి ఊరికొక విధముగా నుండిన సేరులు, వీసెలు, కుంచములు పోయి కిలోగ్రాములు, లీటర్లు క్రమముగా వచ్చెను. ఇంకొక విశేషము గమనింపదగినది. 1947లో ఏర్పడిన భారతీయ ప్రమాణముల సంస్థ వస్తువులకు ప్రమాణములు నిర్ణయించి సంఖ్య లిచ్చుచు, 1951లో మొదటి సంఖ్య నిచ్చినది దేనికి? ఖద్దరు జాతీయజెండాకు! దాని వస్త్రము, రంగులు, నిడివి వెడల్పులు అందు నిర్ణీతములు. శతాబ్దములుగా ‘స్టాండర్డు’ అను మాటలో కలిసియున్న రెండర్థములును మన దేశమున ఆ నాడు ఒక్క గుడ్డపై కలిసికొన్నవి.

కాని కాగితముపై కలిసినంతమాత్రమున కళ్లములో కలిసినట్లు కాదు. కొలుచుకొనుటకొక కుంచము, కొలిచి యిచ్చుట కింకొక కుంచము అను నింద వెనుక మన పల్లెలలో ఉండెడిది. కుంచము పోయి కిలో వచ్చినను, ధాన్యము కొనుచోట్ల తరుగు పేర బస్తాకు కొన్ని కిలోలు కోతపెట్టిరను రైతుల మొర నేడును వినవచ్చుచున్నది. ఆగస్టు పదునైదున జెండాకు చేయెత్తి మ్రొక్కిన ఆసామియు, వర్తకుడును, మిల్లుదారుడును మరునాడు తక్కెడ దగ్గర ఏమి చేయుచున్నారో తమ్ముతాము ప్రశ్నించుకొందురు గాక.

స్టాండర్డునకు సరియైన తెలుగు అడిగినవారికి ‘ప్రమాణ’మని చెప్పుదుము. తెలుగున ఆ మాటకు కొలత యనియు, సాక్ష్యమనియు, ఒట్టు అనియు అర్థములు కలవు. జెండా క్రింద నిలిచి చేసిన ఒట్టునకు తక్కెడయే సాక్ష్యము. ఆ సాక్ష్యము తప్పిననాడు పైనెగురునది వట్టి గుడ్డ మాత్రమే యగును.