చెక్క వస్తువులకు రంగును మెరుగును

చెక్క వస్తువు లేని యిల్లు మన గ్రామములలో నుండదు. తొట్టెపై వ్రేలాడు చిలుకలు, కుంకుమ భరిణెలు, దేవుని మందిరమునకు కోసిన జాలీపలకలు, పిల్లల బొమ్మలు, ఇవి యెల్లరును చూచునవే. వీనిని కోయు పనితనము కంటికి గనబడును గనుక దానిని మెచ్చుకొందుము. ఆ చెక్కపై పూసిన రంగును మెరుగును ఎట్లు నిలుచునో విచారించువారు తక్కువ. వస్తువు ఇరువది యేండ్లు మన్నుటయు, రెండు వానకాలములకే చెడుటయు చాలవరకు ఆ పైపూతను బట్టియే యుండును. పసిపిల్ల నోట బెట్టుకొను వస్తువైనచో అది ఆరోగ్యమునకు సంబంధించిన సంగతి కూడ నగును. కావున నేడు దీనినిగూర్చి నాకు దెలిసినంత విన్నవింతును.

మన దేశమున ఈ విద్యకు చక్కని నిదర్శనము ఏటికొప్పాక. ఇది వరాహనది యొడ్డుననున్న గ్రామము. మునుపు విశాఖపట్టణము జిల్లాలోనిది, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోనిది. ఇచ్చటి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రసాయనపు రంగులు వచ్చి పాతవానిని మరుగుపరచిన కాలమున, చెట్టుచేమల రంగులను తిరిగి వాడుకలోనికి దెచ్చుటకు పాటుపడిన సి.వి. రాజు గారిని ప్రభుత్వమువారు 2023లో పద్మశ్రీతో గౌరవించిరి.

అచ్చటివారు వాడునది అంకుడు కఱ్ఱ. అది తెల్లనిది, మెత్తనిది, పోగు సన్నముగాను సమముగాను ఉండునది. కొమ్మలను నరికి, నీడను కొన్ని నెలలు ఆరనిచ్చి, పిమ్మట తరిమెన పట్టుదురు. ఆరని కఱ్ఱకు రంగు వేసినచో లోని చెమ్మ బయటికి రాజూచి పూతను పొక్కించును. అటుపై కఱ్ఱ ముడుచుకొని పగులును. తొందరపడువారి పని అంతయు ఇచ్చటనే చెడును.

ఇక లక్క. మోదుగ, రేగు మొదలైన చెట్ల లేతకొమ్మలపై ఒక చిన్న పురుగు గుంపులుగా జేరి, రసము పీల్చి, తన రక్షణకై జిగురును స్రవించును. ఆ జిగురే లక్క. దానిని కడుగునప్పుడు నీటిలోనికి దిగు ఎఱ్ఱరంగు వేఱు. సంస్కృతమున లక్కకు లాక్ష యనియు జతువనియు పేర్లు. స్త్రీలు పాదములకు దిద్దుకొను ఎఱ్ఱరంగు అలక్తకము. మన లత్తుక దాని రూపాంతరమే. ఒక్క పురుగు జిగురును రంగును రెండును ఇచ్చుచున్నది. ఇంకొక ముచ్చట: ప్లాస్టిక్కు పళ్ళెములు రాకమునుపు గ్రామఫోను పళ్ళెములలో ఒక ముఖ్యద్రవ్యము ఈ లక్క. రేడియోలో మనము విన్న పాతపాటలు ఎన్నో లక్కపై చెక్కినవే.

లక్కకు రెండు గుణములున్నవి. నీటిలో కరగదు; సుమారు 75, 80 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి మెత్తబడును. తరిమెనపని యంతయు ఈ రెండవ గుణముపై నిలిచియున్నది. లక్కను నిప్పులపై కాచి, రంగుపొడి చేర్చి, మరల మరల సాగదీసి మడచి, రంగు అంతట సమముగా గలిసిన పిమ్మట కడ్డీలుగా జేయుదురు. తరిమెనపై వేగముగా తిరుగు బొమ్మకు ఆ కడ్డీ నొత్తినచో రాపిడివలన పుట్టిన వేడికి లక్క కరగి కఱ్ఱకు బట్టును. వెంటనే మొగలియాకు ముక్కతో ఒత్తి రుద్దుదురు. పూత సమమై అద్దమువలె మెఱయును. కుంచె లేదు, ఆరనిచ్చుట లేదు. నేను చూచుచుండగనే ఒక పనివాడు ఎఱ్ఱని భరిణెపై పసుపుపచ్చని గీత వేసి, దానిని మొగలియాకుతో వెండ్రుకవాసి కూడ తప్పకుండ సవరించెను. ముప్పది యేండ్లు పలకపై గీతలు గీయించినవాడను గనుక ఆ చేతి నిలుకడ యెంత కష్టసాధ్యమో నాకు దెలియును.

రంగుపొడి చేయుటలో ఒక కిటుకు గలదు. చెట్లరంగు నీటిలో దిగును. లక్క నీటితో గలియదు. కావున రంగునీటికి పటికయు కొంచెము సోడాయు చేర్చి, రంగును అడుగునకు దింపి, వడగట్టి, ఎండబెట్టి, పొడిగా నూరవలెను. ఎఱుపునకు లక్కరంగు, మంజిష్ఠ, నారింజవన్నెకు జాఫ్రాగింజలు, నీలమునకు నీలిమందు, నీలమును పసుపును కలిపిన ఆకుపచ్చ. కరక్కాయ కషాయమున ఇనుము చేరిన నలుపు పుట్టును. పసుపుకొమ్ము రంగు చూచుటకు సొంపుగానుండును గాని ఎండకు వెలియును. అట్టి వస్తువును కిటికీకడ నుంచరాదు.

కొండపల్లివారి దారి వేఱు. వారి పొణికిచెక్క మిక్కిలి తేలికైనది. దానిని వెచ్చజేసి చెమ్మ పోగొట్టి, భాగములను అతికి, చింతగింజల జిగురు ఱంపపుపొడి కలిపిన మక్కుతో సందులు పూడ్చి, సున్నపుపూత వేసి, దానిపై కుంచెతో రంగులు దిద్దుదురు. అచ్చట చెక్కపోగు కనబడదు. ఏటికొప్పాకలో మెరుగు, కొండపల్లిలో చిత్రము.

తరిమెనపై గుండ్రని వస్తువులే తిరుగును. సన్నఱంపముతో కోసిన జాలీపలకలకు ఆ పద్ధతి పనికిరాదు. మన పల్లెలలో ఈ పని నేర్చిన కుఱ్ఱవాండ్రున్నారు. కోత బాగుండును, పూత పాడుచేయుదురు. వారికి మీరు చెప్పదగినది యిది. ముందుగా పోగు వెంబడినే గరుకుకాగితముతో రుద్దవలెను. అడ్డముగా రుద్దిన గీతలు రంగు పడగానే పైకి దేలును. పిమ్మట తడిగుడ్డతో ఒకసారి తుడిచి ఆరనిచ్చినచో నూగు లేచును. దానిని సన్నని కాగితముతో తీసివేయవలెను. ఇట్లు చేయనివారి పలక మొదటి పూతకే గరుకెక్కును. కోతయంచులలో పోగుకొనలు తెరచుకొని యుండుటచే అవి రంగును ఎక్కువగా పీల్చి నల్లబడును. అందుచే యంచులకు ముందుగా పలుచని లక్కనీరు తాకించుట మంచిది. రంగును ఎల్లప్పుడు అదే చెక్క తునకపై పరీక్షించి చూడవలెను.

లక్కనీరనగా శుద్ధిచేసిన లక్కరేకులను స్పిరిటులో నానబెట్టి కరగించినది. చిక్కని పూత ఒక్కటికన్న పలుచని పూతలు నాలుగు మేలు. ఒకటి ఆరిన పిదపనే మరియొకటి. పూత ఆరునప్పుడు స్పిరిటు ఆవిరి యగును గనుక తలుపులు తెరచియుంచి, దీపమును పొయ్యియు లేనిచోట పని చేయవలెను. దుర్యోధనుడు పాండవులకు లక్కయిల్లే యేల కట్టించెనో మీకు దెలియనిది గాదు. లక్కపూతపై వేడిచెంబు పెట్టిన తెల్లమచ్చ పడును. సోడానీటితో కడిగిన పూత కరగును.

కొందఱు అవిసెనూనె పూయుదురు. అదియు మంచిదే, కాని ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండగా జుట్టి మూల పడవేయరాదు. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. అప్పుడు వేడి పుట్టును. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, ఎవరును నిప్పు పెట్టకయే గుడ్డ అంటుకొనును. ఆ గుడ్డలను ఆరుబయట విడివిడిగా పఱచి ఎండనీయవలెను, లేక నీటిలో ముంచి యుంచవలెను.

అన్నిటికన్న ముఖ్యమైనది సీసపు సంగతి. పూర్వము తెలుపునకు సఫేదాయు, ఎఱుపునకు సీససిందూరమును రంగులలో గలిపెడివారు. ఇవి రెండును సీసపు భస్మములే. సీసము పసిబిడ్డల మెదడు పెరుగుదలను చెఱచును. ఇంతవరకు బాధ లేదనదగిన కొలత లేదు. ఇండ్లకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన ప్రభుత్వము 2016లో నియమము చేసినది. కాని తాతలనాటి తొట్టెల మీదను తలుపుల మీదను ఉన్న రంగును ఆ నియమము తుడిచివేయలేదు గదా! మనుమరాలు పుట్టినదని అటుకమీది తొట్టెను దింపి, రంగు గీకి, క్రొత్తరంగు వేయింతురు. పొడిగా గీకినప్పుడు రేగు ధూళియే మిక్కిలి ప్రమాదకరము. రంగు పెచ్చులూడుచున్న తొట్టెను వాడకుండుటయే ఉత్తమము. తలుపు మొదలైనవానిని తప్పక గీకవలసివచ్చినచో తడిపి, పిల్లలను గర్భిణులను దూరముగా నుంచి గీకించి, ఆ చెత్తను కాల్చక పారవేయింపవలెను.

అంకుడు చెట్టు గూర్చి ఒక మాట. నరికిన మొదలు మరల చిగుర్చును గనుక పాదుతో పెకలింపక కొమ్మలే తీసికొన్నచో అదే చెట్టు మరల కఱ్ఱనిచ్చును. గట్లమీద వేసికొనదలచువారు విత్తులు సేకరింపవచ్చును. కాయలు జంటలుగా, కొనలు కలిసి వ్రేలాడును. పండి పగిలినచో పట్టువంటి నూగుగల విత్తనములు గాలికెగిరిపోవును. పగులక మునుపే కోసి, గుడ్డసంచిలో నుంచి ఎండబెట్టవలెను.